గాలత్తని పిలవని పెళ్ళి

ఒకప్పుడు నీళ్ళు కదిలేవి కావు. అల లేదు, సుడి లేదు. మడుగులోకి తొంగిచూస్తే అడుగున పడుకున్న నత్తగుల్ల కూడా కనిపించేది. చేపలకి అదే పెద్ద తలనొప్పి. కొంగ గట్టుమీద నిలబడి, ఎవరెక్కడున్నారో తీరిగ్గా చూసుకుని, కావలసినవాళ్ళని ఎంచుకుని మరీ తినేది.

గాలి మాత్రం రోజూ మడుగుకి వచ్చేది. చేపలు ఆవిడని గాలత్త అని పిలిచేవి. గాలత్త ఒకచోట కూర్చునే రకం కాదు. అయినా నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళు దగ్గర పెట్టుకుని, పైపైన అరచెయ్యి ఆనించి వెళ్ళిపోయేది. ఆ చేతిలోంచే ఊపిరి నీళ్ళలోకి దిగేది. ఈ సంగతి ఒక్క చేపకీ తెలియదు. ఊపిరి నీళ్ళలోనే పుడుతుందనుకునేవి.

ఇలా ఉండగా బొచ్చెచేప పెద్దయ్య కూతురికి పెళ్ళి కుదిరింది. పెద్దయ్యంటే మడుగుకంతటికీ పెద్ద. మనిషి పెద్ద, మాట ఇంకా పెద్ద.

"పందిరి వెయ్యండర్రా! ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా వెయ్యండి. సూది మొనంత సందు ఉండకూడదు. మగపెళ్ళివారు తలెత్తితే పచ్చదనం తప్ప ఇంకేం కనబడకూడదు. కొంగ తల దించితే మన తోక కూడా కనబడకూడదు!" అన్నాడు.

చేపలన్నీ తామరాకులు లాగాయి, కలువాకులు లాగాయి, సందుల్లో నాచు కుక్కాయి. మడుగు మొత్తానికీ పచ్చటి కప్పు పడింది. గట్టుమీద కొంగ ముక్కు వేలాడేసుకుని నిలబడిపోయింది.

తుంగ మొదట్లో కొర్రమ్మ ఉండేది. కొర్రమీను జాతి. అప్పుడే పిల్లలు పుట్టారు, పండుమిరప రంగులో, గుంపుగా. వాళ్ళని కళ్ళల్లో పెట్టుకుని తిరుగుతోంది.

"పెదనాన్నా, అందరికీ బొట్టు పెట్టి పిలిచారు. మరి గాలత్తో?" అని అడిగింది కొర్రమ్మ.

"ఆవిడా? బాగుంది! ఆవిడ కాలుపెడితే ఈ పందిరి నిలుస్తుందా? ఆకుకో దిక్కు ఎగిరిపోదూ? ఈ పెళ్ళికి ఆవిడ అక్కర్లేదు" అన్నాడు పెద్దయ్య.

గాలత్త రోజూలాగే వచ్చింది. చెయ్యి ఆనించబోతే ఆకులు తగిలాయి. లోపల్నించి సన్నాయి వినబడుతోంది. ఆవిడ మొహం చిన్నబోయింది. "ఓహో! పెళ్ళన్నమాట. బొట్టు పెట్టి పిలవందే నేను గడప తొక్కనమ్మా" అని గిర్రున వెనక్కి తిరిగింది. వెళ్ళిందా అంటే వెళ్ళలేదు. గట్టు చుట్టూ తిరుగుతూనే ఉంది.

మగపెళ్ళివారు దిగారు. ఒకరా ఇద్దరా! కాలువకి కాలువే తరలివచ్చినట్టుంది. తోక తిప్పితే పక్కవాడి మొహానికి తగులుతోంది. విందుకి పురుగుల పులుసు, నాచు పచ్చడి, నూకల పాయసం. వద్దంటున్నా వడ్డించారు. తిన్నది కొంత, అడుక్కి పడింది బోలెడంత. పడిందంతా కుళ్ళడం మొదలుపెట్టింది.

తెల్లారేసరికి కొర్రమ్మకి ఒళ్ళంతా ఏదోలా అనిపించింది. కూర్చోబుద్ధి కాదు, నిలవబుద్ధి కాదు. కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది అందామంటే కాళ్ళే లేవాయె! తుంగ దగ్గర్నించి పందిరి గుంజ దాకా, గుంజ దగ్గర్నించి తుంగ దాకా, ఒకటే తిరగడం.

పిల్లలు నోళ్ళు తెరుస్తున్నారు, మూస్తున్నారు. ఆడుకోవడం మానేశారు. అందరికన్నా చిన్నది చిట్టి.

"అమ్మా, ఊపిరి రావట్లేదే" అంది చిట్టి.

కొర్రమ్మ ఒక్క ఉదుటున పెద్దయ్య దగ్గరికి పోయింది. "పెదనాన్నా, నీళ్ళు బరువెక్కాయి. పిల్లలకి ఊపిరాడట్లేదు. పందిరి కొంచెం తియ్యించు!"

"ముహూర్తం ముంచుకొస్తుంటే పందిరి తీయమంటావా? పెళ్ళిలో నీ ఏడుపేంటి?" అని కసిరాడు పెద్దయ్య. కసురుతూ కసురుతూ ఆయనే ఆయాసపడ్డాడు. "నాకూ కాస్త ఆయాసంగానే ఉందిలే. పెళ్ళి పనులు కదా."

వియ్యపురాలు తామరకాడకి చేరబడింది. సన్నాయివాడికి ఊదడానికి ఊపిరి చాలలేదు. పెళ్ళికూతురు తలవంచుకుంటే అందరూ సిగ్గనుకున్నారు. అది సిగ్గు కాదు, సొమ్మసిల్లిపోతోంది.

కొర్రమ్మ వెనక్కొచ్చి చూస్తే చిట్టి పక్కకి ఒరిగిపోయి ఉంది.

ఇంక ఆ తల్లి ఎవరి మాటా వినలేదు. తల వంచి, ఉన్న బలమంతా తోకలోకి తెచ్చుకుని పందిరిని పొడిచింది. ఆకు చినిగింది. మళ్ళీ పొడిచింది. నాచు ఊడింది. మూతి గీరుకుపోయింది. ఇంకోసారి పొడిచేసరికి తల బయటపడింది.

ఎదురుగా కొంగ! "రా అమ్మా రా! నిన్నట్నించీ ఉపవాసం" అంటూ ముక్కు దించింది. కొర్రమ్మ మెడ పక్కకి తిప్పింది. ముక్కు వీపు మీద గీరుకుంటూ పోయింది. మంట నెత్తికెక్కింది. అయినా కిందికి దిగలేదు. పైన ఊపిరాడుతోంది, ఆ ఊపిరి గాలత్తదేనని అప్పుడు తెలిసింది.

"గాలత్తా! మా ఇంటికి రా! నా పిల్లలు చచ్చిపోతున్నారు!"

గాలత్త గిర్రున వచ్చింది. ఆ విసురుకి కొంగ రెక్కలు విడిపోయి వెనక్కి తూలింది. "రావాలనే ఉందే పిల్లా! ఇందాకట్నించీ నీ గట్టు చుట్టూనే తిరుగుతున్నాను. కానీ బొట్టేదీ?" అంది గాలత్త.

కొర్రమ్మకి చేతుల్లేవు. కుంకుమ లేదు. ఏం చేస్తుంది? ఆకులు చినిగినచోట నీళ్ళకి మూతి ఆనించి చటుక్కున ఒక చుక్క పెట్టింది. నీళ్ళమీద గుండ్రంగా ఒక వలయం లేచింది. కదలని నీళ్ళమీద లేచిన మొదటి వలయం అదే. గాలత్త ఆ బొట్టు కేసి చూసింది. ఆవిడ కళ్ళు చెమర్చాయి.

"చాలే తల్లీ, ఇంతకన్నా ఏం కావాలి! ముందు ఈ గుక్క పట్టుకెళ్ళి నీ చిన్నదానికియ్యి. కానీ ఒక్క మాట. ఈసారి వచ్చానంటే అరచెయ్యి ఆనించి పోయే మర్యాదలు నావల్ల కాదు. నీళ్ళని కుదిపేస్తాను. ఇంక అవెప్పుడూ నిలకడగా ఉండవు. ఇంకోటి, మీ పెద్దయ్య మళ్ళీ పందిరి వెయ్యడని నమ్మకమేంటి? నువ్వే వచ్చి పిలుస్తుండాలి. నీకింక కుదురుండదు. సరేనా?"

"నాకు కుదురెందుకత్తా, నా పిల్లలుంటే చాలు" అని కొర్రమ్మ ఆ గుక్క నోట్లో పట్టుకుని కిందికి దూకింది.

చిట్టి మూతి దగ్గర ఆ గుక్క వదిలింది. బుడగలు బుడగలుగా లేచాయి. చిట్టి మొప్ప ఒకటి అల్లాడింది. తర్వాత రెండోది.

ఈలోగా పైన హోరు పుట్టింది. పందిరి లేచిపోయింది. ఆకుకో దిక్కు! నీళ్ళు ఊగాయి, నురగ కట్టాయి. చల్లటి ఊపిరి అడుగుదాకా దిగింది. పెళ్ళికూతురు తలెత్తింది. సన్నాయి మళ్ళీ మోగింది. పెద్దయ్య అందరికన్నా ముందు పైకొచ్చి, నోరంతా ఆకాశానికి తెరిచి ఆవురావురుమంటూ పీల్చాడు. ఆ నోరు మళ్ళీ కిందికి వాలలేదు.

"పందిరి పోయింది! కొంగ చూసేస్తుంది!" అని ఎవరో అరిచారు.

కొంగ చూసింది. అలలే కనబడ్డాయి. తోక ఏదో, తళుకు ఏదో తెలియలేదు. ఆకుల పందిరి చేసిన పనే అలలూ చేశాయి. అందుకే పాపం, అది ఇవాళ్టికీ ఒంటికాలి మీద గంటలకొద్దీ ఎదురుచూస్తూ నిలబడుతుంది.

అప్పటినుంచే నీళ్ళకి నిలకడ లేదు, గాలి సోకితే చాలు వణుకుతాయి. అప్పటినుంచే బొచ్చెచేప మూతి పైకి తిరిగి ఉంటుంది. అప్పటినుంచే కొర్రమీను, నీళ్ళెంత బాగున్నా, కాసేపటికోసారి పైకొచ్చి ఒక గుక్క పట్టుకుపోతుంది. అది వదిలిన గుండ్రటి బొట్టు కాసేపు నీళ్ళమీద నిలుస్తుంది.

మీ ఇంట్లో పెద్ద గాజుతొట్టి ఉందా? పైన మూత బిగించి, సందులేకుండా చేపలు నింపి, బుడగల మిషన్ ఆపేసి చూడండి. వద్దులెండి, చూడొద్దు! చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. ఆకలేస్తోందనుకుని ఇంకో గుప్పెడు మేత వేసేరు. ఆకలి కాదమ్మా అది. అప్పటినుంచే, ఊపిరాడనప్పుడల్లా, ప్రతి చేపా అలాగే పైకొచ్చి గాలత్తకి బొట్టు పెడుతోంది.