బెట్టకు వదిలిన తోట

ఉరుకుందు మనసు మొద్దుబారి రెండు నెలలయింది. ఆకలి వేసేది కాదు. ఎవరైనా జోకు వేస్తే, నవ్వాలి కాబట్టి నవ్వేవాడు.

తమ్ముడు పోయిన దుఃఖంతో సుంకయ్య తాత ఆశ్రమానికి వచ్చినవాడు అతను. కొత్తలో జపానికి కూర్చుంటే గుండె తేలికపడేది. ఆ తేలికదనం కోసం మరింత జపం చేశాడు. కోడికూతకు ముందే కూర్చునేవాడు. అన్నం తిని మళ్లీ కూర్చునేవాడు. అందరూ పడుకున్నా అతను లేచేవాడు కాదు. చేయగా చేయగా ఒకరోజు లోపల ఏమీ మిగల్లేదు. పెదవులు ఆడుతున్నాయి గాని, మనసు బండరాయిలా పడి ఉంది.

వెళ్లి తాతతో చెప్పుకున్నాడు.

తాత వక్క కత్తిరించుకుంటూ విన్నాడు. "అట్లయితే రేపట్నుంచి జపం వద్దు" అన్నాడు.

"మరి ఏం చేయాల?"

"తిను. పండుకో. తోటలో తిరుగు."

"ఎన్నాళ్లు తాతా?"

"నేను చెప్పేదాకా."

ఉరుకుందు ముఖం మాడిపోయింది. మిగతా శిష్యులంతా మాలలు పట్టుకుని కూర్చునే వేళకు తానొక్కడే చేతులు వేలాడేసుకుని తిరగాలి. పనికిరానివాణ్ని మర్యాదగా పక్కన పెట్టడమే ఇది అనుకున్నాడు.

ఆశ్రమం వెనక మూడెకరాల చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉంది. దాని బాగోగులు చూసేది ఓబులమ్మ. అరవై దాటిన మనిషి. తోటలోనే కాపురం. ఆమె నోటికి ఆశ్రమంలో అందరికీ భయమే, ఒక్క తాతకు తప్ప.

ఉరుకుందు బారెడు పొద్దెక్కేదాకా పడుకుని, ఎండ నడినెత్తికి వచ్చే వేళకు తోటకు పోయేవాడు. మొదటిరోజే ఒక చెట్టు కిందికి పోయి తలెత్తి చూశాడు. ఆకులు దొప్పల్లా ముడుచుకుని వేలాడుతున్నాయి. పాదులు నెర్రెలిచ్చాయి. పక్కనే తొట్టి నిండా నీళ్లున్నాయి.

"చెట్లు చచ్చిపోతాండాయి గదవ్వా. నీళ్లు పెట్టవేం?"

"పూతకు ముందర బెట్టకు వదిలినాం నాయనా. పది దినాల నుంచి చుక్క పెట్టలే. ఇట్ల కొన్నాళ్లు ఆపి, అదును చూసి తడిపితే కొమ్మకొమ్మకూ పూత వస్తాది. ఏడాది పొడుగునా తాపుతా కూచుంటే ఆకే ఏస్తాది."

"ఆపమని ఎవరు చెప్పినారు?"

"ఇంకెవరు? మీ తాతే."

ఉరుకుందుకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఈ ముసలాయనకు ఇది అలవాటే అన్నమాట, అనుకున్నాడు.

తొట్టి పక్కన ఉన్న చెట్టు మిగతావాటికన్నా ఎక్కువ వాడినట్లు అనిపించింది. ఓబులమ్మ అన్నం తిని కునుకు తీసే వేళ చూసి, రెండు బిందెలు మోసుకొచ్చి దాని పాదులో పోశాడు. నేల గుటగుటా తాగింది. మాను మీద చెయ్యి వేసి, "నేనుండా లే" అన్నాడు.

అట్లా రోజూ పోశాడు. పదహారు రోజులు పోశాడు.

మర్నాడు మధ్యాహ్నం ఇక తట్టుకోలేకపోయాడు. గుడ్డసంచిలో బట్టలు కుక్కుకుని తాత ముందు నిలబడ్డాడు.

"పోతాండా తాతా."

"యాడికి?"

"యాడికో. నా లోపల ఏమీ లేదు. ఎండిపోయినా. మీరు గూడా వదిలేసినారు. ఇంకెందుకు ఇక్కడ?"

తాత బయటి ఎండ వైపు చూశాడు. "ఈ ఎండలో పోవద్దు. పొద్దున పో. పోయే ముందు నాతో ఒకసారి తోటలోకి రా."

మర్నాడు ఇంకా మసక విడవకముందే ఉరుకుందు సంచీ భుజానికి తగిలించుకుని వచ్చాడు. తోటలో అడుగు పెట్టి ఆగిపోయాడు. చెట్లన్నీ ఆకులు విప్పుకుని నిలబడి ఉన్నాయి. ఒక్క ఆకూ ముడుచుకుని లేదు.

"రాత్రి నీళ్లు పెట్టినావా అవ్వా?"

"నిద్ర మత్తు దిగలేదా నీకు? పాదు చూడు" అంది ఓబులమ్మ. పాదులు నెర్రెలిచ్చే ఉన్నాయి.

తాత వరస వెంట నడుస్తున్నాడు. ప్రతి చెట్టు దగ్గరా ఆగి, ఒక ఆకును రెండు వేళ్ల మధ్య పట్టి చూసి, వదిలి, ముందుకు పోతున్నాడు.

"మధ్యాహ్నం ఎండకు ఏ ఆకైనా వాలుతాది" అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "అప్పుడు చూసి చెట్టు సంగతి చెప్పగూడదు. తెల్లారేసరికి లేసిందా లేదా, అది చూడాల. లేయకపోతే ఆ పూటే నీళ్లు పెట్టాల."

"రోజూ వచ్చి చూస్తారా?"

"నీళ్లు పెట్టే దినాల్లో చూడకున్నా నడుస్తాది. ఆపినప్పుడు చూడకపోతే ఎట్ల?"

తొట్టి పక్కన చెట్టు దగ్గర తాత ఆగాడు. దాని కొసలన్నీ లేత చిగురు. ఉరుకుందు ముందుకు వచ్చాడు.

"నేనే తాతా. దినమూ రెండు బిందెలు పోసినా."

ఓబులమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "అదీ సంగతి. ఇదొక్కటి పెండ్లికూతురి మాదిరి తయారైతాంది ఏందబ్బా అనుకుంటాండా."

"ఇది ఈసారి పూయదు" అన్నాడు తాత.

"నా వల్ల చెడిపోయిందా?"

"చెడేదేముంది? వచ్చే ఏడు పూస్తాది." తాత ఆ చిగురును వేలితో నిమిరాడు. "ఎండిపోయినోడు అంత ఎండలో బిందె ఎత్తుకోడురా."

ఉరుకుందు తల దించుకున్నాడు.

ఓబులమ్మ అతని సంచీ వైపు చూసి పెదవి విరిచింది. "వదిలేసినాడంట, వదిలేసినాడు. దినమూ తోటకు వచ్చే ముందర నీ గుడిసె కాడ ఆగి, తొంగి చూసి వస్తాడు ఈ ముసలోడు. నీకెట్ల తెలుస్తాది? ఆ పొద్దుకు గుర్రుపెడుతుంటావు."

ఉరుకుందు తాత వైపు చూశాడు. "ఏం చూస్తారు తాతా?"

తాత దగ్గరికి వచ్చి, అతని గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురు వైపు తిప్పాడు. ఆకును చూసినంతసేపే చూశాడు.

"ఇంకా కొన్నాళ్లు" అని, ముందు చెట్టు దగ్గరికి పోయాడు.

ఆ మధ్యాహ్నం మళ్లీ లోపలంతా బరువెక్కింది. ఉరుకుందు చాప తీసుకుని తోటలోకి వెళ్లాడు. ఎండకు ఆకులన్నీ వాలిపోయి ఉన్నాయి. ఆ పలచని నీడలోనే చాప పరుచుకున్నాడు.

"బిందె జోలికి పోవాకు" అని దూరం నుంచి కేకేసింది ఓబులమ్మ.

"పోను లేవ్వా" అని, చెట్టు వైపు తిరిగి పడుకున్నాడు.