దొరగారి తుఫాను గడియారం

సముద్రం పక్కన ఓ కొండ, ఆ కొండమీద జమీందారు బంగళా, కొండ కింద సముద్రపు నీరు ఎండగట్టి ఉప్పు తీసే ఉప్పుమళ్ళు. ఆయన చేతికి సీమ గడియారం ఒకటుండేది. గాలి బరువు తగ్గితే అందులో ముల్లు కిందికి దిగుతుంది. దిగితే వాన, లేస్తే ఎండ అన్నమాట.

ఆ రోజు ఆయన బంగళాకు చేరగానే ముల్లు దిగింది. "తుఫానొస్తోంది! ఉప్పుమళ్ళన్నీ వెంటనే గీకెయ్యండి!" అని కబురంపాడు.

ఉప్పింకా పేరుకోలేదు. గీకితే, అక్కడ ఓ మడిలో ఉప్పు పండించే నూకాలు వేసవి కష్టమంతా బురదపాలే. దొర కొండెక్కిన ప్రతిసారీ తుఫాను కబురే వస్తోందని గమనించిన నూకాలు పరుగున వెళ్ళింది.

"దొరా, నా మడిదాకా దయచేయండి. తుఫాను ఆపేస్తాను."

"ఆపలేకపోతే?"

"నేనే గీకేస్తాను."

పల్లకీ కొండ దిగేకొద్దీ ముల్లు పైకి లేచింది. మడిగట్టు చేరేసరికి ఎండ గుర్తు మీద నిలిచింది.

"ఏం మంత్రమేశావే?"

"మంత్రమేముంది దొరా! పైకెళ్ళేకొద్దీ గాలి తేలికవుతుందిగా. తమరు కొండెక్కారని ముల్లు చెబితే, తమరు తుఫాననుకున్నారు!"

బోయీలు నవ్వాపుకోలేక మొహాలు తిప్పుకున్నారు. దొర గడియారం విప్పి జేబులో వేసుకుని, "గీకొద్దని చెప్పండి," అన్నాడు.

పదిరోజులకు నూకాలు మడిగట్టున ఉప్పు నడుమెత్తు కుప్పైంది.