బల్లి తోకకు కట్టిన నల్లదారం

ఒకప్పుడు బల్లి తోక ఊడేది కాదు. తోక పట్టుకుని లాగితే బల్లి మొత్తం వచ్చేసేది. అప్పట్లో బల్లులు ఇళ్ళలో ఉండేవి కావు. కొండ మీద రాళ్ళ సందుల్లో ఉండేవి.

ఆ కొండ కింద పైడితల్లి అనే పిల్ల ఉండేది. ఒకరోజు గాలివాన వెలిశాక, సీతాఫలం పొద కింద ఆమెకు ఒక బల్లిపిల్ల వెల్లకిలా పడి కనిపించింది. వేలంత కూడా లేదు. వీపు మీద చుక్కలు. తోక మాత్రం ఒంటికంటే పొడుగు, దాని మీద చీర అంచులాగా వరసగా పట్టీలు. పైడితల్లి దాన్ని కొబ్బరిచిప్పలో పెట్టుకుని ఇంటికి పరిగెత్తింది. చుక్కి అని పేరు దారిలోనే పెట్టేసింది.

ఇక చూడండి ఆ పిల్ల హడావిడి. అన్నం మెతుకు పెట్టింది, చుక్కి ముట్టలేదు. పాలు పోసింది, చుక్కి అందులో పడింది. తుడిచి, పప్పన్నం మెత్తగా పిసికి పెట్టింది. చుక్కి మొహం తిప్పుకుంది.

"నీకు పెట్టినట్టే దానికీ పెడితే ఎలాగే? అదేం తింటుందో దాన్నే చూసి తెలుసుకో," అంది వాళ్ళమ్మ అప్పలనర్సమ్మ.

పైడితల్లి బోర్లా పడుకుని చూసింది. గోడ మీద ఒక దోమ వాలింది. చుక్కి కదల్లేదు. ఊపిరి కూడా తీసినట్టు లేదు. టప్. దోమ లేదు.

పైడితల్లి ఇల్లంతా గెంతింది. ఆ తర్వాత ఒక్కొక్కటే తెలుసుకుంది. చుక్కి గిన్నెలో నీళ్ళు తాగదు, ఆకు మీద చిలకరిస్తే నాకుతుంది. పొయ్యికి మరీ దగ్గరైతే తల్లడిల్లుతుంది, కాస్త దూరంలో వెచ్చగా ఉంటే హాయిగా నిద్రపోతుంది.

నెల తిరిగేసరికి తోక బలిసింది, పట్టీలు మెరిశాయి. వీధిలోవాళ్ళంతా వచ్చి చూసి ఎంత బాగుందో అన్నారు. ఆ మాట విన్నకొద్దీ పైడితల్లికి భయం పట్టుకుంది. ఇన్ని కళ్ళు పడితే చుక్కికి దిష్టి తగలదూ? తను పసిపిల్లగా ఉన్నప్పుడు అమ్మ తన మొలకు నల్లదారం కట్టిందట. చుక్కికీ కడితే సరి.

కానీ బల్లికి నడుమెక్కడుంది? కట్టిన దారం కట్టినట్టే జారిపోయింది. అందుకని తోక మొదట్లో కట్టి మూడు ముళ్ళు వేసింది. మిగిలిన దారం మూరెడు వేలాడింది. కత్తిరిస్తే మంచిది కాదేమోనని దాన్ని అలాగే వదిలేసింది.

"బిగుతుగా ఉందక్కా," అంది చుక్కి.

"బిగుతుగా ఉంటేనే మంచిదే. ఊడిపోతే నీకేమైనా అయిపోతుంది," అని పైడితల్లి బిందె తీసుకుని బావికి వెళ్ళింది.

అప్పుడే గడప దాటి వచ్చింది గండుపిల్లి.

చుక్కి గోడ వైపు దూసుకుపోయింది. జానెడు ఎక్కిందో లేదో, వెనకనుంచి ఎవరో పట్టి లాగినట్టయింది. చూస్తే, వేలాడే దారం మీద కాలు వేసి పిల్లి కూర్చుని ఉంది.

"ఎవరమ్మా నీకింత మంచి తాడు కట్టింది? మేకను కట్టినట్టు నాకోసం కట్టి ఉంచారే," అంది పిల్లి, మీసాలు నాక్కుంటూ. తొందరేం లేనట్టు దారాన్ని కొంచెం కొంచెంగా లాగడం మొదలుపెట్టింది.

చుక్కి నాలుగు కాళ్ళూ గోడకు అతికించింది. ఒక కాలు జారింది. మూడు కాళ్ళే మిగిలాయి. ఇంకోటి జారింది. రెండే.

అప్పుడు తోక మాట్లాడింది.

"చుక్కీ, నన్ను వదిలెయ్."

"నిన్నొదిలి ఎలా పోను? తిన్నదంతా నీలోనే దాచుకున్నాను. నా అందమంతా నువ్వే."

"నేనుంటే ఇద్దరం దాని నోట్లోకే. నేను కిందపడి గంతులేస్తాను, అది నన్నే చూస్తుంది. నువ్వు పైకి ఎక్కిపో. నా మొలక ఒకటి నీలో వదిలి వెళ్తాను, ఇంకో తోక వస్తుంది. పట్టీలు గీసే తీరిక మాత్రం లేదు."

చుక్కి ఒళ్ళంతా బిగబట్టింది. టిక్కుమంది.

తోక నేల మీద పడి ఎగిరింది, మెలికలు తిరిగింది, గింగిరాలు కొట్టింది. పిల్లి ఇటు పంజా వేస్తే అటు దూకింది, అటు వేస్తే ఇటు దూకింది. పిల్లి దానితో కుస్తీ పడుతుండగానే చుక్కి గోడంతా ఎక్కి దూలం మీదికి చేరిపోయింది.

అప్పుడే వచ్చిన పైడితల్లి బిందె పడేసి పిల్లిని తరిమింది. నేల మీద తోక. దానికి నల్లదారం, మూడు ముళ్ళలో ఒక్కటి కూడా ఊడలేదు. తను కట్టిన ముళ్ళే అవి. పైడితల్లి వెక్కి వెక్కి ఏడ్చింది. దూలం వైపు చెయ్యి చాపి దిగి రమ్మని బతిమాలింది. పసుపు రాస్తానంది, గుడ్డ చుడతానంది, ఈసారి మూత ఉన్న బుట్టలో భద్రంగా పెడతానంది.

"వద్దక్కా. కొండకు పోను, నీ ఇంట్లోనే ఉంటాను. నీ చేతిలోకి మాత్రం రాను," అంది చుక్కి.

పైడితల్లి చాపిన చెయ్యి చాలాసేపు అలాగే ఉంది. తర్వాత దించేసింది.

తోకలో దాచుకున్నదంతా పోయింది కదా, చుక్కికి ఒకటే ఆకలి. సందెవేళ కాగానే పైడితల్లి గోడగూట్లో దీపం పెట్టి దూరంగా జరిగింది. వెలుగుకు పురుగులు ముసిరాయి. చుక్కి మెల్లమెల్లగా దిగి వచ్చింది. ఒక పురుగును పట్టింది, ఇంకోదాన్ని పట్టింది. పైడితల్లికి పరిగెత్తి ఎత్తుకోవాలని ఉంది. కానీ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కదలకుండా, నవ్వుతూ కూర్చుంది. రోజూ అలాగే చేసింది. రెండు నెలలకు చుక్కికి కొత్త తోక వచ్చింది, పట్టీలు లేకుండా.

అప్పటినుంచే బల్లి మన ఇళ్ళ గోడల మీద ఉంటోంది, దీపం వెలగగానే దగ్గరికి వస్తోంది. మనం చెయ్యి వేస్తే మాత్రం, గంతులేసే తోకను అక్కడే వదిలి పైకి వెళ్ళిపోతోంది.