మడచెట్టు వేళ్ళు పైకెందుకు లేచాయి

ఒకప్పుడు మడచెట్టు వేళ్ళు కూడా బుద్ధిగా నేలలోనే ఉండేవి. మామిడికి లేవూ, వేపకి లేవూ, అలాగన్నమాట. ఒక్క కొస కూడా పైకి కనిపించేది కాదు.

ఈ చెట్టు ఉండేది ఏరొచ్చి సముద్రంలో కలిసే చోట. అక్కడ గట్టినేల అంటూ లేదు, అంతా మెత్తటి బురద. పొద్దున్నే మంచు కమ్మితే ఏది నీరో ఏది ఆకాశమో తెలిసేది కాదు. పోటు వస్తే బురద మునిగేది, ఆటు వస్తే తేలేది. నిద్రలో ఉన్నవాళ్ళ పొట్ట పైకీ కిందికీ కదిలినట్టుండేది.

అక్కడ రెండు భాషలు. బురదకి పైనున్నవాళ్ళది ఏటి భాష. కింద బొరియల్లో ఉన్నవాళ్ళది ఉప్పునీటి భాష. ఒకరి మాట ఒకరికి రాదు. అయినా ఇద్దరూ కలిసే ఆ అడవిని నిలబెట్టారు. పైన ఆకులు ఎండ తాగేవి, కింద పీతలు బురద తవ్వి వేళ్ళ చుట్టూ సర్దేవి. నవ్వకండర్రా, మాట కలవనివాళ్ళు కలిసి పని చెయ్యలేరని మీకెవరు చెప్పారు?

ఆ అడవికి కాపలా తీతువు పిట్ట. పోటుకి ముందు ప్రతి చెట్టు దగ్గరా ఆగి, "దేన్ని పట్టుకుని నిలబడ్డావు?" అని అడిగేది. చెట్టు ఏ పేరు చెబితే ఆ పేరు పెట్టి పిలిచేది. అది పలికితే సరే. పలక్కపోతే రెక్కలెత్తి "లేదు, లేదు, లేదు" అని అరిచేది. ఆ అరుపు వింటే పిట్టలన్నీ ఆ చెట్టు వదిలి ఎగిరిపోవాలి. అదీ అక్కడి కట్టుబాటు.

మంచి కాపలాయే, కాదనను. కానీ దానికి ఏటి భాష ఒక్కటే వచ్చు.

"మడక్కా, దేన్ని పట్టుకుని నిలబడ్డావు?"

"నా వేళ్ళని, తమ్ముడూ."

తీతువు బురదకి చెవి ఆనించి, "వేళ్ళూ, ఉన్నారా?" అని పిలిచింది. పాపం, వేళ్ళు పలికాయి. కానీ పీతల మధ్య ఉండీ ఉండీ వాటికి ఉప్పునీటి భాషే మిగిలింది. పైకి ఒక బుడగ వచ్చి బుడుంగుమంది, అంతే.

"లేదు, లేదు, లేదు" అంది తీతువు.

మీ పిన్ని ప్రోగ్రాం రాస్తుంటే కంప్యూటర్ తెరమీద ఎర్రగీతలు పడతాయి, చూశారా? అదీ తీతువు జాతే. రెండు భాషలు కలిపి రాస్తే, ఒక భాషే వచ్చిన ఆ కాపలా, రెండో భాషలో ఉన్నదాన్ని పట్టుకుని "అలాంటిదేం లేదే" అంటుంది. ఉన్నది ఉంటూనే ఉంటుంది. సరే, మన బురదలోకి వద్దాం.

ఆ మడచెట్టు మీద ఒక కొంగ గుడ్లు పెట్టింది. తీతువు అరిచినప్పుడల్లా అది లేచి పోవాల్సి వచ్చేది. తిరిగొచ్చేసరికి గుడ్లు చల్లబడి ఉండేవి. ఇంకోసారి ఇలా అయితే పిల్లలు దక్కవని కొంగకి తెలుసు. గుడ్ల మీద మెడ వాల్చి ఏడ్చింది.

ఆ ఏడుపు విని ఒక పీత బొరియలోంచి పైకొచ్చింది. దానికి ఏటి భాషలో ఒకే ఒక్క మాట వచ్చు, అదీ చెట్టు దగ్గర విని నేర్చుకున్నది.

"కింద ఏముంది?" అని అడిగింది తీతువు.

"వేరు" అంది పీత.

"వేరా? అయితే మడక్కది కాదన్నమాట."

"వేరు, వేరు" అంది పీత, గట్టిగా తలూపుతూ.

"విన్నారా? చెట్టు వేరట, అది వేరట. సంబంధమే లేదట. లేదు, లేదు, లేదు."

సాయం చెయ్యబోయి కొంప ముంచిన పీత పక్కకి జరిగి పోయింది.

కొంగకి ఒళ్ళు మండింది. "తీతువు మామా, ఇక ఈ అడవిలో ఏ చెట్టు ఊసూ ఎత్తకు. నోరు మూసుకుని పురుగులేరుకో" అంది. మిగతా పిట్టలూ వంత పాడాయి.

"మీ ఇష్టం" అని తీతువు నోరు కట్టేసుకుంది.

అబ్బ, ఎంత హాయిగా ఉందో అప్పుడు. మంచులో అడవంతా జోగింది. నీళ్ళు కూడా కాలి మునివేళ్ళమీద నడిచినట్టు వచ్చిపోయాయి. కొంగ రెక్కల కింద గుడ్లు వెచ్చగా ఉన్నాయి.

కానీ ఏటి మలుపులో ఒక ముసలి మడ ఉంది. దాని వేళ్ళు నిజంగానే కుళ్ళిపోయాయి. తీతువు వెళ్ళి పిలిచింది, ఏ జవాబూ రాలేదు. అరవబోయి, వద్దన్నారు కదా అని ఊరుకుంది. పోటు వచ్చింది. ముసలి మడ మెల్లగా, ఆవలిస్తున్నట్టు, నీళ్ళలోకి ఒరిగిపోయింది. దానిమీదున్న నీటికాకి గూడు గుడ్లతో సహా ఏట్లో కలిసిపోయింది.

కొంగ ఆ నీటికాకి ముఖం చూడలేకపోయింది. తిన్నగా తీతువు దగ్గరికి వెళ్ళింది.

"మామా, నీ నోరు కట్టించడం నా తప్పు. నువ్వు అరవాలి. కానీ ఉన్నదాన్ని లేదనకు. పున్నమి పోటు వస్తోంది. ఈసారి నేను గూడు వదిలి ఎగిరిపోతే నా పిల్లలు నాకు దక్కవు."

"నేనేం చెయ్యను? కింద మాట నాకు రాదు. కంటికి కనిపిస్తే నమ్ముతాను" అంది తీతువు.

ఇదంతా మడచెట్టు వింటూనే ఉంది. "మాట తెలియని ఊరెళ్తే మనుషులేం చేస్తారు? వేలు పెట్టి చూపిస్తారు. మనమూ అదే చేద్దాం" అంది. వేళ్ళకేసి వంగి, "పైకి రండమ్మా, ఒక్కొక్కరూ ఒక్కో కొస చూపిస్తే చాలు" అంది.

"చూపించండి గానీ, కింద వేరు లేకుండా పైన వేలు పెడితే మాత్రం ఊరుకోను" అంది తీతువు.

వేళ్ళు ఎప్పుడూ వెలుగు చూసినవి కావు. భయపడుతూనే బురద చీల్చుకుని, సన్నగా, నిటారుగా ఒక్కొక్కటే లేచాయి. తీతువు ప్రతిదాన్నీ ముక్కుతో తట్టి చూసింది. ఒకటి మాత్రం తట్టగానే పడిపోయింది. అది ఎండుపుల్ల. ఈసారైనా సాయం చేద్దామని పీత పాతింది.

"లేనిచోట వేలు పెట్టకు" అని దాన్ని కసిరి, పుల్ల తీసి పారేసింది తీతువు. మిగతావన్నీ గట్టిగా నిలిచాయి.

పున్నమి పోటు వచ్చింది. నీళ్ళు కాండం దాటి, కొమ్మలు దాటి, గూటి అడుగుని తాకాయి. కొంగ మెడ చాచి తీతువు వైపు చూసింది. తీతువు చెట్టు చుట్టూ ఎగిరింది గానీ అరవలేదు. కొంగ కళ్ళు మూసుకుని, గుడ్లు కప్పుకుని అలాగే కూర్చుంది.

నీళ్ళు తీశాక మంచులో చెట్టు అక్కడే ఉంది. కొంగ రెక్కల కింద ఏదో టిక్కుమంది. ఒక చిన్న ముక్కు బయటికొచ్చింది.

అప్పటినుంచే మడచెట్టు చుట్టూ బురదలోంచి వేళ్ళు నిటారుగా లేచి నిలబడతాయి. చెట్టుకుండేవీ వేళ్ళే, మన చేతికుండేవీ వేళ్ళే. అప్పటినుంచే తీతువు నాలుగడుగులు పరిగెత్తి, ఆగి, తలవంచి నేలకేసి చూస్తుంది, మళ్ళీ పరిగెత్తుతుంది. ఉన్నవాటిని చూసుకుంటూ పోతుంది. అది అరిచిందంటే మాత్రం, కొంగలు ఈనాటికీ ఎగిరిపోతాయి.