దాలమ్మ పెట్టని కూర

అనగనగా, సముద్రం మన గుమ్మాలకి ఇంకా ఇంత దగ్గరగా రాని రోజుల్లో, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర దాలమ్మ అనే ముసలమ్మ ఉండేది. బురదలో గుల్లలు ఏరి అమ్ముకునేది. ఆమె వండిన గుల్లల కూరలో పంటికింద ఒక్క ఇసక రేణువు తగిలేది కాదు. ఉప్పునీళ్ళలో నానబెడితే గుల్ల నోరు తెరిచి ఇసకంతా కక్కేస్తుంది. ఆ నానబెట్టడంలో దాలమ్మని మించినవాళ్ళు లేరు.

ఇంతలో ఎవరో వచ్చి ఏటికి ఎగువన సీసం కరిగించే కొలుములు పెట్టారు. మడ్డంతా ఏట్లోకి వదిలారు. కొన్నాళ్ళకి కొలుములు ఎత్తేసి పోయారు. నీళ్ళు తేటపడ్డాయి. పీడ వదిలిందని ఊరు సంబరపడింది. అడుగున బురద సంగతి ఎవరికి పట్టింది?

అప్పుడే దాలమ్మ కూతురు పైడమ్మ నీళ్ళోసుకుని పుట్టింటికొచ్చింది. గుల్లల కూర తినాలని ఒకటే కోరిక. దాలమ్మ గుల్లలు తెచ్చి నానబెట్టింది. పెంకు విరిగినవి పెరట్లో బాతుకి వేసింది. బాతు మెడ వాల్చేసింది. దాలమ్మకి గుండె గుబుక్కుమంది. మళ్ళీ తెచ్చి, బావినీళ్ళలో ఉప్పు కలిపి నానబెట్టి, ముందు రెండో బాతుకి వేసింది. అదీ మెడ వాల్చేసింది. మూడోసారి వలసంచిలో కట్టి నడిసముద్రంలో వేలాడదీసింది. మూడో బాతూ మెడ వాల్చేసింది.

“ఇసక కక్కింది కదే అమ్మా, ఇంకేటి భయం?” అంది పైడమ్మ.

“ఇసకే కక్కిందే. లోపల ఇంకోటేదో ఉంది, అది కక్కనేదు. నీకు నాను పెట్టను.”

కడుపుతో ఉన్న పిల్ల నోటికాడ ముద్ద లాక్కుందని ఊరంతా దాలమ్మని ఆడిపోసుకుంది. పైడమ్మ అలిగి అత్తారింటికి పోయింది. అక్కడ సముద్రం లేదు, గుల్లలూ లేవు.

అప్పట్నుంచి దాలమ్మకి కాలు నిలిచేది కాదు. పోటుకి ఈ ఒడ్డు, పాటుకి ఆ ఒడ్డు. బుట్టతో ఎవరొచ్చినా అడ్డం పడేది, బతిమాలేది, బుట్ట లాక్కుని బోర్లించేది. కొందరు ఆమెని తోసేసి ఏరుకున్నారు, తిన్నారు. వాళ్ళ పిల్లలకి నడక రాలేదు, మాట రాలేదు, మెడ నిలవలేదు.

ఆ పిల్లల సంగతి విని పైడమ్మ కూతుర్ని చంకనేసుకుని పరుగున వచ్చింది. ఆ పిల్ల దారంతా వసపిట్టలా వాగుతూనే ఉంది. అప్పటికే దాలమ్మ పోయింది. బురదలో గుచ్చిన ఆమె చేతికర్ర మాత్రం ఉంది.

“అమ్మమ్మేదే?” అని పిల్ల అడిగింది. పైడమ్మ ఆ కర్రకేసి చూపించింది.

ఇప్పటికీ ఆ మొగలో ఎవరూ బుట్ట దించరు. వేరేచోట నుంచి గుల్లలు తెచ్చినా, పొయ్యిమీద పెట్టేముందు ఆడవాళ్ళు మూడుసార్లు అడుగుతారు, “ఇసకేనా కక్కింది?” అని. అవి ఏ ఏటి గుల్లలో చెప్పేవాళ్ళు లేకపోతే కుండ తీసుకెళ్ళి గోతిలో బోర్లిస్తారు. కడుపుతో ఉన్న పిల్ల ఎంత అలిగినా సరే.

“దాలమ్మ కన్నకూతురికే పెట్టనేదు” అంటారు.