చిలక ముక్కు దగ్గర ఆగిన మిషన్

మండపేటలో అప్పలస్వామి ఇంట్లో ముగ్గురే మనుషులు. అప్పలస్వామి, పెళ్ళాం రవణమ్మ, తల్లి బుల్లెమ్మ. ముగ్గురివీ పదునైన బుర్రలేనని ముగ్గురికీ గట్టి నమ్మకం. "మనింట్లో తెలివికి కొదవ లేదే, వాడకమే తక్కువ" అనేది బుల్లెమ్మ, గర్వంగా.

కొత్తగా ఎంబ్రాయిడరీ మిషన్ కొన్నారు. రవణమ్మకి మొట్టమొదటిసారి పెళ్లికూతురి జాకెట్టు పని దొరికింది. సాయంత్రానికి ఇచ్చేస్తే వీధి వీధంతా ఆమె దగ్గరికే వస్తుంది. ఇవ్వలేదా, ఇంకెవరూ గుమ్మం తొక్కరు. జాకెట్టు ఒక చేతి మీద చిలక బొమ్మ పడుతూ ఉంది. సరిగ్గా ముక్కు దగ్గరకొచ్చేసరికి మిషన్ ఆగిపోయింది. రవణమ్మ గుండె కూడా ఆగినంత పనైంది.

"ఫోన్లో మిషన్లవాళ్ళ గ్రూపుందిగా, అడుగుదాం" అన్నాడు అప్పలస్వామి. తెరిచారు. పైనే రాసుంది: 'కొత్తవాళ్ళు ఏదైనా అడగొచ్చు. మొహమాటపడొద్దు.'

"ఎంత మంచివాళ్ళర్రా!" అని బుల్లెమ్మ ఫోను లాక్కుంది. చింతపండు ధర అడిగింది. మోకాలి నొప్పికి మందడిగింది. అందరూ భోంచేశారా అని కూడా అడిగింది.

గ్రూపు పెద్ద ఒకాయన ఓపిగ్గా జవాబు పెట్టాడు: "అమ్మా, మిషన్ గురించే అడగండి. అడిగే ముందు, ఇదే ప్రశ్న ఇంకెవరైనా అడిగారేమో వెతకండి."

అంతే. ముగ్గురూ చెప్పులేసుకుని వెతకడానికి బయల్దేరారు.

"ఏం బాబూ, మా మిషన్ ఎందుకాగిందని నువ్వేమైనా అడిగావా?"

"నేనెందుకడుగుతానండీ!" అన్నాడు ఇస్త్రీ బండి అతను.

పాలాయన అడగలేదు. ఎదురింటి లెక్కల మేష్టారూ అడగలేదు. ఎండకి మాడి ఇంటికొచ్చి, "ఊళ్ళో ఎవరూ అడగలేదండి, మేమే మొదలు" అని పెట్టారు.

"సరే. మీరేం ప్రయత్నించారో రాయండి. ఫొటో పెట్టండి."

రవణమ్మ మొహం వాడిపోయింది. "మనమేమీ ప్రయత్నించలేదే! ఏం రాస్తామండీ?"

"రాయడానికైనా ఏదో ఒకటి చెయ్యాలి కదే" అన్నాడు అప్పలస్వామి.

ఇంకేముంది! మిషన్‌కి కొబ్బరినూనె పట్టించారు. దిష్టి తీశారు. బుల్లెమ్మ దుప్పటి కప్పి జోకొట్టింది. కాసేపాగి లేపితే లేవలేదు. అన్నీ రాశారు. ముగ్గురూ పట్టుబట్టలు కట్టుకుని మిషన్ ముందు నిలబడి, పక్కింటావిడ చేత ఫొటో తీయించి పెట్టారు.

"చక్కగా ఉన్నారు. మిషన్ ఏదమ్మా?"

"మా వెనకాలే ఉందండి."

"కాస్త పక్కకి జరగండి."

ముగ్గురూ పక్కకి జరిగారు. "జరిగామండి. ఇప్పుడు కనిపిస్తోందా?"

ఎలా భరించాడో గానీ, ఆయన ఒక్క మాట తూలలేదు. ఫొటో మళ్ళీ తీయించాడు. చూసి, "కింద బాబిన్లో దారం అయిపోయిందమ్మా. నిండుది పెట్టండి" అన్నాడు.

పెట్టింది. మిషన్ టకటకా అందుకుంది. చిలకకి ముక్కొచ్చింది. రవణమ్మకి కళ్ళనీళ్ళొచ్చాయి. రెండో చెయ్యి ఒక్కటే మిగిలింది, పొద్దు ఇంకా ఉంది.

"మీ కడుపున పుడతానండి" అని పెట్టింది.

"అంత మాటెందుకమ్మా! ఒక్క సాయం చెయ్యండి చాలు. మీ సమస్యని తీసెయ్యకండి, అలాగే ఉంచండి. రేపు ఇంకెవరికైనా ఇదే ఇబ్బందొస్తే చూసుకుంటారు."

అంత ఉపకారం చేసినాయన నోరు తెరిచి అడిగాడు. కాదంటుందా? రవణమ్మ నిండు బాబిన్ తీసేసింది. ఖాళీది వెతికి, తుడిచి, మళ్ళీ పెట్టింది. ఎవరూ ముట్టుకోకుండా బుల్లెమ్మ కాపలా కూర్చుంది. చూడ్డానికొచ్చే వాళ్ళకని అప్పలస్వామి కుర్చీ వేశాడు.

సాయంత్రం పెళ్లికూతురి మేనత్త వచ్చింది. "రెండో చెయ్యి ఏదమ్మాయ్?"

"రేపు ఎవరికో ఇబ్బందొస్తుందటండి. వాళ్ళొచ్చి చూసుకోగానే కుట్టేస్తాను."

"ఎవరికి?"

"ఇంకా తెలీదండి."

"పెళ్లి తెల్లారితేనే, తల్లీ!" అని ఆవిడ నెత్తి కొట్టుకుంది.

రవణమ్మ చటుక్కున ఫోనందుకుని గ్రూపులో పెట్టింది:

"అయ్యా, రేపు ఈ ఇబ్బంది ఎవరికి రాబోతోందో వాళ్ళు దయచేసి ఇవాళే తెచ్చుకోండి. మాకు పెళ్లి పనుంది."