మిపెలా

నతానియేలు రాజీనామా ఉత్తరం మూడుసార్లు రాశాడు. మూడోది చింపకుండా అభిషిక్తం గారి చేతిలో పెట్టాడు.

పాపువా న్యూగినీ కొండల్లో ఉన్న ఆ చిన్న సెమినరీలో అభిషిక్తం గారు ఇరవై రెండేళ్ళుగా పాఠాలు చెబుతున్నారు. నరసాపురం నుంచి నతానియేలుని సాయానికి పిలిపించుకున్నది ఆయనే. వచ్చి పది నెలలైంది.

"ఏమైంది అబ్బాయ్?"

"ఉండలేకపోతన్నానండి అయ్యగారూ. పాపకి మాటలొచ్చాయి. ఫోన్లో 'నాన్నా' అంటంది. నన్నంటందో, ఫోన్నంటందో తెలీదు. ఇక్కడా నాకెవరూ లేరు. మీ వరండా ఎప్పుడూ నిండుగా ఉంటది. నా గుమ్మం ఒక్క స్టూడెంటు తొక్కడు. క్లాసులో తలలూపుతారు, గంట కొట్టగానే వెళ్ళిపోతారు."

పాపం, అబద్ధం కాదు. పొద్దున గడ్డం గీసుకుంటూ అతను అద్దంతో తెలుగు మాట్లాడుకునేవాడు. జవాబు చెప్పే మనిషి లేక ఆ మాటలు కూడా ఈమధ్య తగ్గిపోయాయి.

అయ్యగారు ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఈ ఆదివారం ప్రసంగం నువ్వే చెయ్యి. విన్నాక సంతకం పెడతాను."

అక్కడ ఒక్కో విద్యార్థిది ఒక్కో ఊరు, ఒక్కో భాష. అందరికీ కలిపి ఉన్నది టోక్ పిసిన్. నతానియేలు దాన్ని ఇంగ్లీషు పుస్తకం చూసి నేర్చుకున్నాడు. 'వీ' అంటే 'మిపెలా' అని మొదటి పేజీల్లోనే కనిపించింది. ఇక చాలనుకుని పేజీ తిప్పేశాడు. చురుకైనవాళ్ళతో ఇదే చిక్కు.

ఆదివారం ఇంటికి దూరమైనవాళ్ళ గురించి మాట్లాడాడు. కడుపులోని బెంగంతా మాటల్లోకి వచ్చింది. మొదటి బెంచీలో విద్యార్థుల మధ్య అయ్యగారు కూర్చున్నారు.

"దేవుడు మిపెలాని మరిచిపోడు," అన్నాడు నతానియేలు.

అయ్యగారు లేచి రెండో బెంచీలో కూర్చున్నారు.

"మిపెలా కన్నీళ్ళు ఆయన చూస్తున్నాడు."

మూడో బెంచీకి వెళ్ళారు.

 వాక్యంలో ఏదో తప్పు దొర్లిందనుకుని నతానియేలు ఇంకా గట్టిగా, ఇంకా ప్రేమగా చెప్పాడు. చెప్పినకొద్దీ పెద్దాయన వెనక్కి పోతూనే ఉన్నారు. బెంచీలు అయిపోయాయి. చివరికి బయట వాన తుంపరలో నిలబడ్డారు.

ప్రార్థన ముగిసీ ముగియగానే నతానియేలు పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యగారూ, వానలో ఏంటండి ఇది? అంత తప్పు ఏం చెప్పాను?"

"బాగా చెప్పావు."

"మరి బయటికెందుకొచ్చేశారు?"

"నువ్వు పొమ్మంటేనే కదా వచ్చాను."

నతానియేలుకి ఏమీ అర్థం కాలేదు.

"మిపెలా అంటే ఏంటి అబ్బాయ్?"

"వీ అని..."

"తెలుగులో చెప్పు."

నోరు తెరిచి ఆగిపోయాడు. మేము. మనం. ఇంగ్లీషుకి లేని ఆ తేడా తనకి పాలతోపాటు వచ్చింది. మిపెలా అంటే మేము. మనం అనడానికి ఇక్కడా వేరే మాట ఉంది, యుమి అని. అది రోజూ చెవిన పడుతూనే ఉంది. పది నెలలుగా తను ఈ పిల్లల ముందు నిలబడి, దేవుడు మమ్మల్ని ప్రేమిస్తాడు, మీ సంగతి వేరు అని చెబుతున్నాడు. వాళ్ళు మర్యాదగా తలలూపుతున్నారు.

సిగ్గుతో ఏడుపొచ్చింది. "ఒక్కళ్ళూ దిద్దలేదేంటండి?"

"నీ మనసులో ఉన్నదే అంటున్నావనుకున్నారు."

అయ్యగారు జేబులోంచి ఉత్తరం తీసి, గోడకి ఆనించి సంతకం పెట్టారు. "ఇంద. వెళ్ళాలనుంటే వెళ్ళు."

నతానియేలు అందుకోలేదు. "మీకు ఇంటి మీద బెంగ ఎన్నాళ్ళకి పోయిందండి?"

పెద్దాయన ఉత్తరం మళ్ళీ మడిచారు.

"ఇవాళ పొద్దున కూడా, లేచి గుమ్మం దిగి, మన నరసాపురం రేవు ఎటున్నదా అని చూశాను."

వంటపాకలో విద్యార్థులు చిలగడదుంపలు చెక్కు తీస్తున్నారు. నతానియేలు వెళ్ళి వాళ్ళ మధ్య కింద కూర్చున్నాడు. మాటలు ఆగిపోయాయి. పక్కనున్నవాడి పేరు కిలా. సముద్రం ఒడ్డు నుంచి వచ్చి మూడేళ్ళైంది, ఒక్కసారీ ఇంటికి వెళ్ళలేదు.

"ఇంటి మీద బెంగగా ఉందా?" అని అడిగాడు నతానియేలు.

కిలా చేతిలో కత్తి ఆగింది. "ఉంది సార్. మీకు?"

అతను ఆ మాట కోసం కాసేపు తడుముకున్నాడు.

"యుమి," అన్నాడు.

కిలా తలూపలేదు. వాళ్ళమ్మ గురించి చెప్పడం మొదలుపెట్టాడు.